ముసలమ్మ కట్ట: బలి గాథకు సువార్త వేయు ప్రశ్న

1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేరుకు అడ్డకట్ట వేసి చెరువు కట్టించెను. కట్టకు ఒక కొన బుక్కరాయసముద్రము, మరియొక కొన అనంతసాగరము. అదే నేటి అనంతపురము.

ఒకప్పుడు కట్టకు గండి పడగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చిననే నిలుచునని దైవవాణి పలికెననియు, ఆమె తానే వెళ్లి గండిలో నిలిచెననియు గాథ. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా దీనిని ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించెను.

ఇట్టి గాథలు అన్యదేశములందును కలవు. స్విట్జర్లాండులోని షోలెనెన్ లోయలో సాతాను వంతెన కట్టి, దానిని మొదట దాటు ప్రాణిని కోరెననియు, జనులు మేకను తోలి వానిని మోసగించిరనియు చెప్పుదురు. అచ్చట మనుష్యులు తప్పించుకొనిరి. ఇచ్చట ఊరు బ్రదికెను, కోడలు మునిగెను.

ముసలమ్మను క్రీస్తునకు ఛాయగా ప్రసంగించుట సులభము. అయితే మేము జాగ్రత్త కోరుచున్నాము. ప్రజలందరి కొరకు ఒకడు చచ్చుట మేలని వాదించినవాడు కయప (యోహాను 11:50). ఊరి తీర్పును పొగడినచో మనము కయప పక్షమున నిలిచినట్లే. ఊరంతయు ఎదురుచూచుచుండగా కోడలు పలికిన సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛ? క్రీస్తు తన ప్రాణమును ఎవరి బలవంతమును లేక తనంతట తానే పెట్టెను (యోహాను 10:18). ఆయన ఒక్కసారే అర్పింపబడెను గనుక ఇక ఏ బలియు అక్కరలేదు (హెబ్రీ 10:10-18).

కావున ఆమె త్యాగమును గౌరవించుదము, ఆమెను కోరిన తీర్పును గౌరవింపరాదు. ఈ కరువు సీమలో కష్టము వచ్చినప్పుడు మన సంఘములు మొదట ఎవరిని గండిలో నిలుపుచున్నవో కాపరులు పరీక్షించుకొందురు గాక.