మాటకు ముందు స్వరము



నలుగురు కూడిన చోట ఒకనితో పని పడినచో మనము వానిని పేరు పెట్టి పిలుతుము. పేరు గలవాడు తల యెత్తును. తక్కినవారు తమ పని తాము చేసికొందురు. తంతి లేకయే మాటను పంపు యంత్రములకు ఈ చిన్న మర్యాద నేర్పుటకు మనుష్యులకు పెక్కు సంవత్సరములు పట్టెను. ఆ చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను కూర్మన్నపాలెము నివాసిని. మా యూరి చెంత ఉక్కు కర్మాగారము; కొంత దూరమున విశాఖపట్టణపు రేవు. ఇట్టి చోట్ల క్రేను మీద నున్నవానికిని నేల మీద నున్నవానికిని, ఓడకును ఒడ్డునకును నడుమ మాట తెగినచో ధననష్టమే కాదు, ప్రాణనష్టమును కలుగవచ్చును. కావున ఇది మా ప్రాంతమువారికి వినోదమునకై తెలిసికొనవలసిన విషయము కాదు.

1928వ సంవత్సరమున అమెరికా దేశమందలి డెట్రాయిట్ నగరపు పోలీసులు తమ కారులలో రేడియోలను అమర్చి వార్తలు పంపసాగిరి. కారులోనివారు వినుటయే కాని బదులు చెప్పుట లేదు. 1933లో ఆ దేశమందే బేయాన్ పట్టణపు పోలీసులు కారునుండి బదులు చెప్పు ఏర్పాటు గావించిరి. అంతట నొక చిక్కు పుట్టెను. త్రోవ యొక్కటి, మాటాడువారు పలువురు. ఒకనికి చెప్పిన మాట అందఱి చెవులను పడుచుండెను. దినమెల్ల పరుల మాటలు విని విసిగిన చెవి తన పిలుపు వచ్చినపుడు దానిని విడిచిపెట్టుట సహజమే కదా.

విశాఖపట్టణపు రేవు ఓడలకు తెఱవబడినదియు ఆ 1933లోనే. రేవునకు వచ్చు ఓడలు నేడు రేడియోతో పిలుచు పద్ధతి గమనింపదగినది. సముద్రమందు పదునాఱవ త్రోవ, అనగా 156.8 మెగాహెర్ట్జుల త్రోవ, ఎల్లరకును ఉమ్మడి. ఓడవారు ముందు అందులో పిలుతురు. బదులు రాగానే ఇరువురును వేఱొక త్రోవకు తొలగి పని మాటలు చెప్పుకొందురు. రచ్చబండకడ పిలిచి, అరుగు మీదికి పోయి మాటాడుకొన్నట్లు. ఈ ఏర్పాటు మేలైనదే కాని, రచ్చబండకడ నొకడు ఎల్లవేళల చెవి యొగ్గి యుండవలెను.

ఆ కష్టమును తగ్గించుటకు వచ్చినదే స్వరము. 1950వ దశకమున అమెరికాలో మాటతో పాటు ఒక సన్నని శ్రుతిని గూడ పంపు పద్ధతి వ్యాపించెను. పాటగాని వెనుక తంబురా మ్రోగినట్లు, మాట సాగినంతసేపు ఈ శ్రుతియు సాగును. అది సెకండునకు 67 మొదలు 254 కంపనముల వఱకు గల మంద్రస్వరములలో నొకటి. 300 కంపనములకు లోబడిన నాదమును యంత్రము వడియగట్టును గాన మన చెవికి అది వినబడదు. అయినను యంత్రము దానిని గుర్తించును. తనకు నిర్ణయించిన శ్రుతి వచ్చినచో నోరు తెఱచును. రానిచో మూగవలె నుండును. ఒక్క త్రోవలో నాలుగు జట్లు నాలుగు శ్రుతులతో పని చేసికొన్నను ఒకరి మాట వేఱొకరిని విసిగింపదు.

ఇచట నొక హెచ్చరిక చెప్పవలెను. ఈ స్వరము రహస్యమును కాపాడు తాళము కాదు. శ్రుతి నడుగని యంత్రము గలవాడెవడైనను ఆ మాటలన్నియు వినవచ్చును. అంతియ కాదు, తన యంత్రము మౌనముగ నున్నది గదా యని త్రోవ ఖాళీ అనుకొని మాటాడువాడు పరుల మాటకు అడ్డు తగులును. స్వరము మన చెవిని మూయును గాని త్రోవను ఖాళీ చేయదు. అందుచేత మాటాడుటకు ముందు త్రోవను పరీక్షించుట నేటికిని మంచి పనివాని లక్షణము.

జట్టునే కాక ఒక్క మనుష్యుని పిలుచుటకు ఐరోపావారు వేఱొక ఉపాయము పన్నిరి. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క స్వరము నియమించి, అయిదు స్వరములను వరుసగా సెకండులోపలనే పలికించిరి. ఆ అయిదును ఏ యంత్రపు సంఖ్యతో సరిపోవునో అది మాత్రమే మేల్కొనును. యంత్రమునకు పేరు పెట్టినట్లయినది.

పేరు కుదిరినను త్రోవల కొఱత తీఱలేదు. ట్రంకు కాలను మాట పెద్దలెల్లరు నెఱుగుదురు. రెండు పట్టణముల నడుమ కొన్ని తీగలే యుండెడివి. ఏ తీగయు ఒకరి సొత్తు కాదు. ఏది ఖాళీగ నున్న దానిని ఎక్స్‌చేంజివారు అడిగినవారికిచ్చెడివారు. ఈ యుమ్మడి వలని లాభమును డెన్మార్కు దేశస్థుడగు ఎర్లాంగు అను గణితజ్ఞుడు 1909 మొదలు పరిశోధించి, 1917లో సూత్రముగా ప్రకటించెను. దానితో నేను వేసిన లెక్క వినుడు. అయిదు జట్లు గలవు. ఒక్కొక్కరికి గంటకు 18 నిమిషముల మాట పని. జట్టునకొక త్రోవ చొప్పున పంచినచో నూటికి 23 పిలుపులు త్రోవ దొరకక మరలిపోవును. ఆ అయిదు త్రోవలనే అందఱకు నుమ్మడి చేసినచో మరలునవి నూటికి ఒకటి రెండు మాత్రమే. త్రోవలు పెరుగలేదు, పంపకము మాఱినది.

చెఱువు క్రింద నీరుగంటి చేయు పనియు నిదియే. ప్రతి రైతును తన తూమును తానే పట్టుకొని కూర్చున్నచో ఒకని చేను మునుగును, ఒకని చేను ఎండును. వంతులు కట్టువాడున్నచో నీరందఱకు నందును. ట్రంకు రేడియోకు ఆ నీరుగంటి యొక యంత్రము. అతని భాష స్వరములే. బ్రిటనులో 1988లో ప్రకటించిన ఎం.పి.టి. 1327 అను నియమావళి ప్రకారము ఒక త్రోవ కేవలము ఆజ్ఞలకై యుండును. పని లేని రేడియోలన్నియు ఆ త్రోవయందే చెవి యొగ్గి యుండును. మీట నొక్కగానే రేడియో తన సంఖ్యను, తాను పిలువగోరినవాని సంఖ్యను రెండే స్వరములతో పంపును. ఒకటికి 1200 కంపనముల స్వరము, సున్నకు 1800 కంపనముల స్వరము; సెకండునకు 1200 గుర్తులు. నడుపు యంత్రము పిలువబడినవానిని తట్టి లేపి, ఇరువురిని ఒక ఖాళీ త్రోవకు పంపును. మాట ముగియగానే వారు మరల యథాస్థానమునకు వత్తురు. త్రోవలన్నియు నిండియున్నచో పిలుపును వరుసలో నిలుపును. ఆపదలో నున్నవాని పిలుపును ముందునకు తెచ్చును. మన దేశమునను 1990వ దశకమున ఇట్టి సేవ నడపుటకు ప్రభుత్వము అనుమతులిచ్చెను.

సముద్రముమీదను స్వరములే కావలివారైనవి. 1999 ఫిబ్రవరి 1 నాటికి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నియమముల ప్రకారము ఓడలు డెబ్బదియవ త్రోవలో 1300, 2100 కంపనముల స్వరములతో పిలుపు పంపును. ప్రతి యోడకును తొమ్మిదంకెల సంఖ్య; భారతదేశపు ఓడల సంఖ్య 419తో మొదలగును. ఆపత్కాలమున నొక్క మీట నొక్కినచో ఓడ సంఖ్యయు, యంత్రమునకు తెలిసియున్నచో ఓడ యున్న చోటును చుట్టుపట్ల నున్న ఓడలకును ఒడ్డునకును చేరును.

అయితే నీరుగంటియే పడిపోయినచో గతియేమి? 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినపుడు విద్యుత్తు పోయెను. సెల్‌ఫోనులు చాలవఱకు మూగవోయెను. చేతిలో ఫోను గలవాడును తన వారి క్షేమ మెఱుగక తల్లడిల్లెను. ఆ దినములలో ఔత్సాహిక రేడియోవారు బ్యాటరీల సహాయమున, నడుమ ఏ పెద్ద యంత్రమును లేకయే, వార్తల నందించిరి. తెలివిగల వ్యవస్థ యంతయు ఒక స్తంభముపై నాధారపడియున్నచో ఆ స్తంభముతోనే కూలును. కావుననే మంచి ట్రంకు రేడియోలలో, నడుపు యంత్రము మూగవోయినపుడు ఒకదానితో నొకటి నేరుగ మాటాడుకొను మార్గమును ఉంచుదురు.

స్వరముతో పిలుచు విద్య మనకు నేర్పునది రెండు మాటలు. కొఱతగా నున్న దానిని ఉమ్మడి చేసి వంతులు కట్టినచో అందఱకును చాలును. ఆ వంతులలో, ఆపన్నుని పిలుపునకు ఎల్లప్పుడు ముందు చోటుండవలెను. మా రేవునందైనను మీ గ్రామమునందైనను, తుపాను రాకముందే ఆ చోటు నేర్పఱచి యుంచుకొనుట మన ధర్మము.