ఆస్పత్రుల మధ్య ఆరోగ్య రికార్డులు: రాష్ట్రం పని ఏమిటి, మన హక్కు ఏమిటి?

కర్నూలు నుంచి హైదరాబాద్‌కు వైద్యం కోసం వచ్చే కుటుంబం చేతిలో బట్టల సంచితో పాటు ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఉంటుంది. పాత చీటీలు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ అందులోనే. ఒక కాగితం పోతే అదే పరీక్షకు మళ్లీ డబ్బు కట్టాలి. ఏ మందు పడదో రాసిన చీటీయే పోతే ప్రాణం మీదికి రావచ్చు. ఈ కవరు చేసే పనిని కంప్యూటర్ల ద్వారా చేయడమే ఎలక్ట్రానిక్ ఆరోగ్య సమాచార మార్పిడి.

మన దేశంలో దీనికి ఆధారం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. 2020 ఆగస్టు 15న దీన్ని ప్రకటించారు. మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలుపెట్టారు. నిర్వహణ బాధ్యత నేషనల్ హెల్త్ అథారిటీది.

రాష్ట్రం ఏం చేయాలి?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. అందుకే ఢిల్లీలో ఎంత మంచి వ్యవస్థ తయారైనా, రాష్ట్రం కదలకపోతే పీహెచ్‌సీ దాకా రాదు. జిల్లా ఆస్పత్రిది ఒక సాఫ్ట్‌వేర్, ల్యాబ్‌ది ఇంకొకటి అయితే ఇక్కడి రిపోర్టు అక్కడ తెరుచుకోదు. అన్నిచోట్లా ఒకే ప్రమాణం పాటించేలా చూడటం, ఆస్పత్రులను, డాక్టర్లను రిజిస్ట్రీల్లో నమోదు చేయించడం, సమాచారం బయటికి పొక్కితే జవాబుదారీ ఎవరో తేల్చడం రాష్ట్ర విధానంలో ఉండాలి. తెలంగాణ 2022లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ పైలట్ చేపట్టింది. అయితే వివరాలు సేకరించడం ఒక పని, వాటిని అవసరమైన డాక్టరుకు చేర్చడం మరో పని. రోగులు రాష్ట్ర సరిహద్దు దాటి వస్తారు కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల పద్ధతులూ కలవాలి.

తాళంచెవి రోగి చేతిలోనే

ఆభా నంబరులో 14 అంకెలుంటాయి. తీసుకోవడం స్వచ్ఛందం. అది లేదని వైద్యం నిరాకరించకూడదని మిషన్ విధానమే చెబుతోంది. రికార్డులన్నీ ఒకేచోట పోగుపడవు, ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి. ఏ రికార్డు, ఎవరికి, ఎంతకాలం చూపాలో రోగి సమ్మతి ఇస్తేనే అవి కదులుతాయి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ ఈ హక్కు ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలని ఆ చట్టం అంటోంది.

ఇంట్లో చూసుకోవాల్సినవి

- ఆధార్‌లో ‘మహమ్మద్’ అని, ఆస్పత్రి చీటీలో ‘ఎండీ’ అని ఉంటే రికార్డులు జతకావడం కష్టం. పేరు, పుట్టిన తేదీ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.
- ఇంట్లో ఒక్కరి ఫోనే వాడుతున్నా, ప్రతి ఒక్కరికీ వేరే ఆభా నంబరు ఉండాలి. అమ్మీ రిపోర్టులు ఎవరికి చూపాలో అమ్మీనే అడగాలి.
- ఓటీపీ చెప్పే ముందు అది దేనికో కౌంటరులో అడగండి.
- కాగితాల కవరును అప్పుడే పారేయకండి. అన్ని ఆస్పత్రులూ ఈ వ్యవస్థలో చేరేదాకా అదీ అవసరమే.