బందరు ఉప్పెన

ఉప్పెన యన నేమో సముద్రతీరమున కాపురముండువారికి చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై గొప్ప గాలివాన విరుచుకుపడెను. సముద్రము పొంగి ఊరిని, చుట్టుపట్ల గ్రామములను ముంచివేసెను. సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి.

ఇది ఎట్లు కలుగును? వేడెక్కిన సముద్రమునుండి లేచిన ఆవిరి మేఘమగునప్పుడు తనలోని వేడిని విడుచును. ఆ వేడికి గాలి తేలికయై పైకి పోగా, క్రింద వాయుపీడనము తగ్గును. నలుదిక్కుల గాలి అచ్చటికి పరుగెత్తి, భూభ్రమణముచేత సుడి తిరుగును. ఆ గాలియే నీటిని ఒడ్డునకు నెట్టును. అక్కడ సముద్రము లోతు తక్కువ, కృష్ణా డెల్టా పల్లపు నేల. కావున నీరు ఊళ్లమీదికి వచ్చును.

మరియొక సంగతి గమనింపుడు. తుపాను కన్ను మన మీదుగా పోవునప్పుడు గాలి ఆగును. గండము గడిచినదని బయటికి రావలదు. కొంతసేపటికి ఎదుటి దిక్కునుండి గాలి మరల కొట్టును.

1977 నవంబరు 19న దివిసీమ ప్రాంతమున సుమారు 10,000 మంది చనిపోయిరి. 1990 మే నెలలో దాదాపు అంతే బలముగల తుపాను ఆ తీరమునే తాకెను. ఈసారి మరణములు వేయికి లోపే. గాలి కనికరించెనా? లేదు. హెచ్చరిక ముందుగా అందినది. ఆరు లక్షలకు పైగా జనులు ఇండ్లు విడిచి కదలిరి.

గొడ్డుగోదను, గాదెలోని ధాన్యమును విడిచిపోవ మనసొప్పదు, నిజమే. అయినను హెచ్చరిక విన్ననాడు, వెలుతురుండగనే పిల్లలను, వృద్ధులను ముందు పంపుడు. పడిన ఇల్లు మరల కట్టుకొనవచ్చును.