ఇరుసు కందెన మొదలు ఇంజను నూనె దాక

వరంగల్లు విడిచి పరకాల, భూపాలపల్లి, కాటారముల మీదుగా సాగిన రహదారి, గోదావరీ ప్రాణహితల సంగమమైన కాళేశ్వరమును చేరుటకు ముందు, ఇరుప్రక్కల అడవులు కమ్ముకొనియున్న మహదేవపురమును దాటిపోవుచున్నది. నిజాము పరిపాలనమున కరీంనగరము జిల్లాలో తాలూకా కేంద్రమై యుండి, 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నొక మండలమైన ఈ యూరు దసలిపట్టు నేతకును కాళేశ్వర యాత్రకును ప్రసిద్ధము. ఇచ్చట వ్యాను కిరాయికి త్రిప్పుకొని బ్రతుకువాని కష్టము మాత్రము ప్రసిద్ధి కెక్కలేదు. కంపెనీల పెద్ద సర్వీసు కేంద్రములు వరంగల్లు, కరీంనగరముల వంటి పట్టణములందే యుండుటచేత, ఆయిలు మార్పించుటకై నూరు కిలోమీటర్లు పోయి నూరు కిలోమీటర్లు రావలసివచ్చినచో, డీజిలు ఖర్చు ఆయిలు ఖర్చును అందుకొనును. ఒకనాటి కిరాయియు పోవును. కావున తక్కువ ఖర్చులో బండిని చూచిపెట్టు మేస్త్రీ యెవడని యిచ్చటివారు ఒకరినొకరు అడుగుచునే యుందురు. ఈ ప్రశ్న మోటారుకంటె పాతది. దానికి పూర్వులు చెప్పుకొనిన సమాధానము కొన్ని విషయములలో నేటిదానికంటె మేలైనదని నా యభిప్రాయము.

మోటారు రాకమునుపు ఈ సీమలో ధాన్యము కదలవలెనన్నను, పెండ్లివారు తరలవలెనన్నను ఎడ్లబండియే యాధారము. ఆ బండికిని నిత్యసంరక్షణము కావలసియుండెను. ఆముదములో కాల్చిన గడ్డిమసిని కలిపి, ఆ కందెనను వెదురుగొట్టములో నింపి, బండివాడు దానిని బండిక్రింద వ్రేలాడదీసికొని పోయెడివాడు. రెండు మూడు ఆమడలకొకసారి శీల యూడదీసి, చక్రమును రవంత వెలుపలికి జరిపి, ఇరుసునకు కందెన పూసెడివాడు. అంతవరకు బండివాని పని. పట్టా తొడుగుట మాత్రము కమ్మరికే చెల్లును. ఇనుపపట్టాను చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టుకారులతో నెత్తి చక్రముపై దింపి, కొయ్య మండి పొగ లేచుచుండగనే నీరు గ్రుమ్మరింతురు. ఇనుము చల్లారి ముడుచుకొనగా ఆకులు, పూటీలు, నాభి యొక్కటిగా బిగిసిపోవును. కొలత హెచ్చినచో పట్టా ఎండకాలమున జారిపోవును, తగ్గినచో ఆకులు విరుగును. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున కరగిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చిన గోదావరీ తీరమిది. ఇనుము గుణమెరిగిన చేతులకు ఇచ్చట కొదవ లేకుండెను.

గమనింపదగినది ఆ పనికి ముట్టిన ప్రతిఫలము. కమ్మరియు వడ్రంగియు పట్టాకింత, ఆకునకింత యని లెక్కగట్టి యడుగలేదు. కళ్ళము నాడు రైతు కొలిచియిచ్చు మేర యను ధాన్యభాగమునకు బదులుగా ఏడాది పొడుగునను కర్రు సాగదీయుట, నాగలి చెక్కుట, బండి బాగుచేయుట వారి విధి. అనగా బండి ఎన్ని సారులు చెడినను వారికి ముట్టునది యొక్కటే. చెడకుండ చేసిననే వారికి విశ్రాంతి. బాగుచేయువాని లాభము బండి బాగుగ నుండుటతో ముడివడిన ఏర్పాటు అది. దాని దోషములను దాచుట న్యాయము కాదు. కొలిమి కులమును విడిచి పోలేకుండెను. పంట పండని యేడు మేర కొలువబడలేదు. దొరలును అధికారులును బండ్లను, పనివాండ్రను వెట్టికి పట్టుకొనిపోయిన దినములలో మేర మాటయే యెత్తుటకు వీలు లేకుండెను.

1932 జూను 15న నిజాము స్టేటు రైల్వేలో నంతర్భాగముగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమాయెను. స్కాట్లండు దేశపు ఆల్బియను బండ్లవి. ప్రభుత్వమే బస్సులు నడుపుటవలన తెలంగాణమున మెకానిక్కు విద్య మొదట సర్కారు వర్కుషాపులలో వేళ్లూనినది. అది జిల్లాలకు ప్రాకుటకు రెండవ ప్రపంచయుద్ధము తోడ్పడెను. యుద్ధకాలమున పెట్రోలు కరవై దేశమందు పెక్కు బండ్లకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలింపబడినవి. వాటి మసి కడుగుచునే అనేకులు ఇంజను లోపలి సంగతు లెరింగిరి. యుద్ధము ముగియగనే సైన్యము వదలుకొనిన లారీలను, జీపులను డిస్పోజల్ వేలములలో కొనినవారికి బండి చౌకగా దొరకినదేగాని దాని విడిభాగము దొరకలేదు. లేనిదానిని మలచుకొనుట, ఒక బండి భాగమును వేరొకదానికి అతికించుట అను మన మేస్త్రీల నేర్పునకు ఆ కొరతయే గురువు. 1951 నవంబరు 1న రవాణా శాఖ రైల్వేనుండి వేరుపడినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. డిపోలలో పని నేర్చి, పదవి విరమించి, బస్టాండు ప్రక్కన రేకుల షెడ్డు వేసికొనిన మెకానిక్కు తెలంగాణ పట్టణము లన్నిటను కనబడును.

అడవి దారిది వేరొక బడి. వేసవిలో తునికాకు, తక్కిన కాలమున టేకును వెదురును మోయు లారీలకు కమాన్ కట్ట విరిగినను, క్లచ్చి ప్లేటు కాలినను ఊరు చేరుట గగనము. అట్టివేళ తీగ చుట్టియో, కొయ్యముక్క చెక్కి బిగించియో బండిని కదలించిన క్లీనరు పిల్లవాడే కొన్నేండ్లకు మేస్త్రీ యగుచుండెను.

తరువాత వ్యాన్ల కాలము. మటడోరు వచ్చి పెండ్లి బృందములను మోసినది. 1984లో వచ్చిన మారుతి వ్యాను, అనగా తరువాతి ఓమ్ని, చిన్న కుటుంబములను, బడి పిల్లలను, కిరాణా సరకును మోసినది. 2005లో టాటా ఏస్ వచ్చినపిదప పల్లెపల్లెకును సరకు బండి కలిగినది. మూడు సిలిండర్ల 796 సీసీ ఓమ్ని ఇంజను ముందు సీట్ల క్రిందనే యుండును. మేస్త్రీ సీటు పైకెత్తి, డిప్‌స్టిక్కు లాగి, గుడ్డతో తుడిచి మరల ముంచి, దాని కొననున్న నూనెను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రుద్దును. గరుకు తగిలినచో లోపల లోహము రాలుచున్నదని యర్థము. పాలవలె తెలుపెక్కినచో నీరు కలిసినది, హెడ్ గాస్కెట్టుపై ననుమానము. పిమ్మట ప్లగ్గు విప్పి చూచును: గోధుమవన్నె యైన మేలు, పొడిమసి పట్టిన పెట్రోలు మితిమీరినది, తడినూనె యంటిన రింగులరగినవి. ఎమరీ కాగితముతో ప్లగ్గు రుద్ది, సందు సరిచేసి, యథాస్థానమున బిగించి, యజమానితో ననును: "ఇంకో నెల నడుస్తదన్నా, ఇప్పుడే మార్చుడెందుకు?"

ఆ ఒక్క మాటయే మంచి మేస్త్రీకి గురుతని డ్రైవర్ల నమ్మకము. వారి తక్కిన పరీక్షలును చెవిని పెట్టదగినవే. షెడ్డు ముందర నెవరి బండ్లు నిలిచియున్నవో చూడుమందురు. దినమంతయు కిరాయికి తిరుగువాడు చెడ్డ మేస్త్రీని రెండవసారి సహింపడు. సామాను యజమానియే కొని తెచ్చి, మేస్త్రీకి కూలి మాత్రమే యిచ్చుట పాత మర్యాద. విప్పిన పాత భాగమును అడుగకయే చేతికిచ్చువానిని నమ్ముదురు. మొదట పెద్దపని యొప్పగింపక ఆయిలు, బ్రేకు షూ వంటి చిన్నపనితో పరీక్షింతురు. ఖాతా పుస్తకమున బాకీ వ్రాసికొని, వడ్లమ్మిన పిదపనో, పెండ్లిండ్ల కాలము ముగిసిన పిదపనో తీర్చుకొను మేస్త్రీలును కలరు. కళ్ళము నాటి మేరలో మిగిలిన పోలిక యదియే.

ఉస్తాదు దగ్గర పానాలందించుచు పని నేర్చు పద్ధతిని మెచ్చుకొనువారు దానిలోని క్రౌర్యమును మరచుచుందురు. పది పండ్రెండేండ్ల బాలుడు బడి మాని, గ్రీజు చేతులతో దెబ్బలు తినుచు, సంవత్సరములకొలది జీతము లేక పనిచేసినందువలననే ఆ మరమ్మతు కొంతవరకు చౌక యైనది. 2016 నాటి చట్టసవరణ పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుటను నిషేధించినది. ఇట్టి చౌక పోవుటవలన విచారింపవలసినది లేదు. దానికి మారుగా ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్కు, డీజిలు మెకానిక్కు శిక్షణము లున్నవి.

ఇక నేటి చిక్కు వేరు. 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్-6 ప్రమాణములు తప్పనిసరి యగుటతో ఇంజనుచుట్టు సెన్సారులల్లుకొన్నవి. డ్యాష్‌బోర్డుపై పసుపు దీపము వెలిగిన, కారణమును చెప్పవలసినది స్కానరే. ఆ యంత్రమును, కంపెనీ విడిభాగములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట స్పర్ధకు భంగమని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. 2022 డిసెంబరులో కేంద్రము మరమ్మతు హక్కునకై ఒక పోర్టలు తెరచినది. జరిమానాలకంటె, పోర్టలుకంటె, ఒక్కొక్క మండల కేంద్రమున ఒక్క మేస్త్రీకి స్కానరు కొనుటకు బ్యాంకు అప్పును, దానిని చదువుటకు కొలదివారముల శిక్షణమును దొరకుట వ్యాను యజమానులకు ఎక్కువ మేలు చేయునని నా నిశ్చయము. వారంటీ యున్నంతకాలము కంపెనీకే పొండు. అది తీరిన పిదప నిత్యసంరక్షణమునకు దగ్గరి మేస్త్రీయే మేలు.

2025 మే 15 నుండి 26 వరకు సరస్వతీ పుష్కరములకు కాళేశ్వరము దారి వాహనములతో నిండినది. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. వ్యాను కట్టించుకొని బయలుదేరదలచినవారు కూలెంటును, బ్రేకు నూనెను, ఫ్యాను బెల్టును తమ యూరి మేస్త్రీకి ముందుగనే చూపించుకొనుడు.