ఆనందీబాయి జోశి అమెరికా ప్రయాణ సన్నాహము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాశ్చాత్యవైద్య మభ్యసించి పట్టము నందిన ప్రథమ హిందూవనిత ఆనందీబాయి జోశి. ఈమె చరిత్రమును వ్రాయువారు సాధారణముగా 1886వ సంవత్సరమున నామె పట్టము గైకొనిన దినమును, మఱుసటి సంవత్సరమున నామె యకాలమరణమును విస్తరించి వర్ణింతురు. కాని యీ చరిత్రమున విశేషముగ విచారింపదగినది యామె యోడ నెక్కుటకు ముందటి మూడేండ్ల కాలము. నేడు విదేశమున చదువగోరు విద్యార్థికి దారి చూపుటకు బహుసంస్థలు కలవు. 1880వ సంవత్సరమున పదునైదేండ్ల యొక మహారాష్ట్ర బ్రాహ్మణ బాలికకు ఉత్తరములు దప్ప వేఱు సాధనము లేదు. ఆ యుత్తరములును సముద్రములు దాటి పోయి ప్రత్యుత్తరముతో మరలి వచ్చుటకు నెలలు పట్టుచుండెను.

ఆనందీబాయి 1865వ సంవత్సరము మార్చి 31వ తేదీన జన్మించెను. ఆమె పుట్టింటివారు బొంబాయి రాజధానిలోని కల్యాణమున భూస్వాములుగ బ్రతికి చెడినవారు. పుట్టినప్పటి పేరు యమున. తొమ్మిదవ యేట గోపాలరావు జోశి యను తపాలా యుద్యోగి కామె నిచ్చి వివాహము చేసిరి. ఆనంది యను నామము భర్త యిచ్చినది. గోపాలరావు భార్య కంటె నించుమించుగ నిరువదియేండ్లు పెద్ద. మొదటి భార్యను గోల్పోయినవాడు. స్త్రీవిద్యాభిమానము గలవాడే కాని యా యభిమానము మృదువైనది కాదు. భార్య చదువు మాని వంటయింట నుండుట చూచి యామెను గొట్టెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఈ విషయమును కొందఱు దాచుదురు. కొందఱు దీనినే పట్టుకొని యామె సాధించిన దంతయు భర్త నిర్బంధమువలన జరిగిన దందురు. రెండును సరి కావు. పదునాలుగవ యేట నామెకు కలిగిన మగశిశువు పది దినములు మాత్రమే జీవించి, తగిన వైద్యము లేక మరణించెను. వైద్యవిద్యపై నామె కోరిక యీ దుఃఖమునుండి పుట్టినది. దానిని భర్త కల్పింపలేదు.

గోపాలరావు కొల్హాపురమున నుద్యోగము చేయుచున్న కాలమున, తన భార్యకు అమెరికాలో విద్యయు తనకు తగిన యుద్యోగమును లభింపగలవా యని మతప్రచారకుల నడుగుచు నుత్తరములు వ్రాసెను. అది రాయల్ వైల్డర్ అను మతబోధకునికి చేరెను. ఆతడు ప్రిన్స్‌టన్ నగరమునుండి ప్రకటించుచుండిన మతప్రచార పత్రికయందు దానిని అచ్చు వేయించెను. క్రైస్తవమతమును స్వీకరించినచో సాయము సులభమని యాతని భావము; జోశి దంపతులు దాని కంగీకరింపలేదు. అంతటితో నీ ప్రయత్నము ముగిసియుండవలసినది. కాని 1880వ సంవత్సరమున న్యూజెర్సీ రాష్ట్రమున రోసెల్ గ్రామవాసిని యగు థియోడీషియా కార్పెంటర్ అను గృహిణి దంతవైద్యుని యింట తన వంతుకై వేచియుండి, కాలక్షేపమునకై చేతికి దొరకిన యా పత్రిక సంచికను తిరుగవేయుచు నీ యుత్తరమును చదివెను. మతప్రసక్తి లేకయే యా బాలికకు తన యింట నాశ్రయ మిత్తునని యామె వ్రాసెను.

అది మొదలు ఇరువురి నడుమ నుత్తర ప్రత్యుత్తరములు సాగినవి. హిందూ కుటుంబాచారములు, బాల్యవివాహములు, స్త్రీల యనారోగ్యము, వ్రతములు, వేషభాషలు వీనినిగూర్చి యానందీబాయి వ్రాయగా, తమ దేశపు వాడుకలను కార్పెంటరమ్మ తెలుపుచుండెను. ఈ యుత్తరములను కేవల స్నేహలేఖలుగ నెంచరాదు. ముఖము చూచి యెఱుగని యింటిలో, విననైన వినని యాచారముల నడుమ నెట్లు బ్రతుకవలయునో యా బాలిక నేర్చుకొనిన పాఠశాల యిదియే. ఆమె యింగ్లీషు రచనకు పదును పెట్టినదియు నిదియే. వయసున పెద్దదియగు నా స్త్రీని ఆనందీబాయి ‘మావశీ’ యని పిలువ నారంభించెను. మహారాష్ట్రులకు మావశి యనగా తల్లి తోబుట్టువు; మన పిన్నమ్మ, పెద్దమ్మల వరుస. ఓడ యెక్కుటకు చాలముందే యా పరదేశమున నామెకు పుట్టిల్లు వంటి దొకటి యేర్పడినదన్నమాట.

ఈలోపల గోపాలరావునకు వంగదేశమునకు బదిలీ యయ్యెను. కలకత్తాలో నానందీబాయి యారోగ్యము చెడినది. తలనొప్పి, అప్పుడప్పుడు జ్వరము, ఆయాసము నామెను బాధించుచుండెను. కార్పెంటరమ్మ అమెరికానుండి యౌషధములు పంపెను కాని గుణము కనబడలేదు. ఇట్టి దేహస్థితిలో మంచుదేశమునకు పోదలచుట సాహసమే. 1883వ సంవత్సరమున శ్రీరామపురమునకు బదిలీ యైనపిదప భార్య నొంటరిగ పంపుటకు గోపాలరావు నిశ్చయించెను. థార్‌బర్న్ అను వైద్యదంపతులు ఫిలడెల్ఫియా నగరమునందలి పెన్సిల్వేనియా మహిళా వైద్యకళాశాలను సూచించిరి. అది 1850వ సంవత్సరమున స్త్రీలకొఱకే స్థాపింపబడినది.

ప్రయాణవార్త పొక్కగానే స్వకులమువారు నిందింపసాగిరి. క్రైస్తవులలో పలువురు ఈమె మతము మార్చుకొనిన బాగుండునని యెంచిరి. ఇరుపక్షములకును సమాధానముగ 1883వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన శ్రీరామపుర కళాశాలా మందిరమున నామె యింగ్లీషున నుపన్యసించెను. అప్పటి కామెకు పదునెనిమిదేండ్లు నిండలేదు. జనులు తన్నడుగు ప్రశ్నలను తానే యాఱుగ విభజించి, యొక్కొకదానికి వరుసగ బదులు చెప్పెను. అమెరికా కేల పోవలయును? హిందూదేశమున చదువుటకు మార్గము లేదా? ఒంటరిగ నేల పోవలయును? తిరిగి వచ్చినప్పుడు వెలి వేయరా? అచ్చట నాపద కలిగిన నేమి సేయుదువు? మఱే స్త్రీయు చేయని పని నీవేల చేయవలయును? ఇవియే యా ప్రశ్నలు. 1883వ సంవత్సరమున ఒక హిందూ గృహస్థు తన కోడలి నడుగదగిన ప్రశ్నలన్నియు నిందు గలవు.

వీనిలో రెండవ ప్రశ్నకు చెప్పిన బదులు చరిత్రకారునకు మిక్కిలి విలువైనది. మదరాసున నొక కళాశాల కలదనియు, రాజధానులన్నిటను మంత్రసానులకు తరగతులు తెఱవబడినవనియు నామె యొప్పుకొనెను. కాని యచ్చటి చదువు చాలదనియు, బోధకులు సంకుచితులనియు, కొంత యసూయాపరులనియు ననెను. మదరాసువిషయమున నీ మాట కొంత కఠినము. ఎడ్వర్డు బాల్ఫూరు దొర ప్రోత్సాహమున మదరాసు వైద్యకళాశాల 1875వ సంవత్సరముననే నలుగురు స్త్రీలను చేర్చుకొనెను. బొంబాయి, కలకత్తా వైద్యకళాశాలలు స్త్రీలకు ద్వారములు తెఱచినది ఆనందీబాయి యోడ నెక్కిన 1883వ సంవత్సరముననే. ఐనను మదరాసు నలుగురిలో నొకరగు మేరీ షార్లీబు సైతము ఉన్నతపట్టమునకై లండను పోవలసివచ్చెననుట గమనించిన, ఆనందీబాయి మాట నిరాధారమని త్రోసివేయుటకు వీలు లేదు.

ఐతే యామెకు ప్రధానమైన యడ్డంకి కళాశాలల కొఱత కాదు. బొంబాయిలో పుస్తకములు చేతబట్టి పాఠశాలకు పోవునప్పుడు వీథిలో జనులు మూగి నవ్వుటయు, అరుగులపై గూర్చున్న పెద్దమనుష్యులు ఱాళ్ళు విసరుటయు, అంగడివాండ్రు తన్ను చూచి యుమియుటయు నామె యా సభలో నిర్మొగమాటముగ వివరించెను. తాను క్రైస్తవురాలు గాని బ్రహ్మసమాజస్థురాలు గాని కానందున, హిందువుగనే యుండి హిందూదేశమున నెచ్చట నైనను చదువుకొనుట మిక్కిలి కష్టమని యామె చెప్పెను. ఈ వాక్యమునందే యీ చరిత్రమంతయు నిమిడియున్నది. సముద్రము దాటినచో హిందుత్వము పోవునని పెద్దలు వాదించుచుండగా, హిందువుగ నుండి చదువుకొనవలెనన్న సముద్రము దాటక తప్పదని యా బాలిక బదులు చెప్పినది.

తోడు లేక పోవుటకు కారణము సామాన్యము. భర్తకు వృద్ధమాతయు చిన్నతమ్ములును గలరు, వారి పోషణభార మాతనిది. వెలి ప్రశ్నకు మాత్ర మామె సాధారణోత్తర మీయక ప్రతిజ్ఞయే చేసెను. ఆహారమున, వేషమున, ఆచారమున నిచ్చట నెట్లుంటినో యచ్చటను అట్లే యుందును. హిందువుగ పోయి హిందువుగనే తిరిగి వత్తునని యామె ప్రతిజ్ఞా తాత్పర్యము. దీని బరువు నేటి పాఠకులకు సులభముగ తెలియదు. బౌధాయన ధర్మసూత్రమున సముద్రయానము పతనీయకర్మలలో నెన్నబడినది. వెలి యనగా నింట నీరు ముట్టువారు, శుభాశుభములకు వచ్చువారు, శవమును మోయువారు లేకపోవుట. రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన తొలి వితంతువివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగా రట్టి బాధల ననుభవించిన కాలమే యిది. ప్రాయశ్చిత్తము చేసికొందునని చెప్పి తప్పించుకొనుట కవకాశ మున్నను, ఆనందీబాయి తాను చేయనున్నది పాపమే కాదని వాదించెను.

ఉపన్యాసము పత్రికలలో వ్యాపింపగా దేశపు నలుమూలలనుండి ధనసహాయము వచ్చెను. పరిచయస్థులగు నాంగ్లేయ స్త్రీల తోడు దొరకెను. 1883వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన కలకత్తా రేవున ‘సిటీ ఆఫ్ కలకత్తా’ యను పొగయోడ నెక్కి, ఇంగ్లాండు మీదుగ జూన్ 4వ తేదీన న్యూయార్కు చేరెను. దాదాపు రెండు నెలల ప్రయాణము. రేవున కార్పెంటరమ్మయే యామె నెదుర్కొని రోసెల్ గ్రామమునకు తోడ్కొనిపోయెను.

పలువురు గమనింపని విషయ మొకటి యిచ్చట కలదు. ఆనందీబాయి సముద్రము దాటునాటికి కళాశాలలో నామెకు చోటు నిశ్చయము కాలేదు. ప్రవేశమునకై యామె వ్రాసిన విన్నపము 1883వ సంవత్సరము జూన్ 28వ తేదీనాటిది. అనగా నమెరికా చేరిన మూడు వారములకు పిదప వ్రాసినది. ఇల్లు, భర్త, కులము విడిచి, పోగైన ధనమును వ్యయించి వచ్చినపిదప, కళాశాలవారు కాదన్నచో నామెగతి యేమి? తనకు పదునెనిమిదేండ్లనియు, ఆ కళాశాలవారు కోరు పూర్వవిద్య యంతయు తనకు లేకపోవచ్చుననియు నా విన్నపమున నామె దాచక వ్రాసెను. స్వజనుల యడ్డంకులను దాటి వచ్చిన పట్టుదలయే చదువు సాగించుటకును తోడ్పడగలదనియు, పురుషవైద్యుని చేత చికిత్స పొందుటకంటె చావే మేలనుకొను తన దేశపు స్త్రీలకు సాయపడుట తన యుద్దేశ్యమనియు విన్నవించెను. కళాశాల డీను పదవియం దున్న రాచెల్ బాడ్లీ రసాయనశాస్త్ర పండితురాలు. కళాశాలవా రామెను చేర్చుకొనుటయే కాక, మూడేండ్లకును 600 డాలర్ల విద్యార్థివేతనము నొసగిరి.

సన్నాహములలో నేవి నిలిచెను, ఏవి నిలువలేదు అను విచారము మిగిలినది. ఆహారనియమమును, మతమును నామె నిలుపుకొనెను. మహారాష్ట్రుల తొమ్మిది గజముల చీరకట్టు చలికి పనికి రాకపోవుటచే, చీలమండలు గప్పునట్లు గుజరాతీ స్త్రీల కట్టు నవలంబించెను. ఐనను విదేశవేషమును ధరింపలేదు. ఇంతకంటె సవరణ సాధ్యమై యుండిన, మాట కొంత సడలించి యున్ని దుస్తులు తొడిగియుండిన, ఆరోగ్యము దక్కెడిదా యని తరువాతివారు తర్కించిరి. కలకత్తాలోనే యారంభమైన యనారోగ్యమును గమనింపక కేవలము చీరను నిందించుట న్యాయము కాదు. సభలో చేసిన ప్రతిజ్ఞను మీఱినచో నామె వెనుక మఱియొక హిందూబాలికను పంపుటకు తల్లిదండ్రులు వెనుదీయుదురన్న సంగతి యామె యెఱిగియే యుండును.

కళాశాలలో నామె యొక్కతయే పరదేశీయురాలు కాదు. జపాను దేశపు ఓకామి కేయికో, సిరియా దేశపు సబత్ ఇస్లాంబౌలీ యచ్చట చదివిరి. 1885వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన డీను ఇచ్చిన విందునందు ముగ్గురును తమ తమ దేశవేషములతో గూర్చున్న ఛాయాపటము నేటికిని నిలిచియున్నది. పట్టపరీక్షకై యామె రచించిన వ్యాసము ఆర్యహిందువుల ప్రసూతితంత్రమును గూర్చినది. అందు సంస్కృత వైద్యగ్రంథముల విషయములను, అమెరికా పాఠ్యపుస్తకముల విషయములను చేర్చెను. 1886వ సంవత్సరము మార్చి 11వ తేదీన పట్టప్రదానము జరుగగా, పండిత రమాబాయి ఇంగ్లాండునుండి వచ్చి యా సభలో నుండెను. కొల్హాపుర సంస్థానమువారు తమ ఆల్బర్టు ఎడ్వర్డు వైద్యశాలయందలి స్త్రీల విభాగమునకు నానందీబాయిని వైద్యురాలిగ నియమించిరి.

ఆ పని చేపట్టక పూర్వమే, క్షయవ్యాధిచే 1887వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన పూనాలో నామె మరణించెను. ఇరువదిరెండేండ్లు నిండుటకు నెల కొఱత. ఆమె చితాభస్మమును కార్పెంటరమ్మకు పంపిరి. అది న్యూయార్కు రాష్ట్రమున పోకిప్సీ గ్రామీణ శ్మశానవాటికయందు కార్పెంటరు కుటుంబపు స్థలమున నుంచబడినది. కరోలిన్ డాల్ అను నమెరికా రచయిత్రి 1888వ సంవత్సరమున నింగ్లీషునను, కాశీబాయి కానిట్కరు 1889వ సంవత్సరమున మరాఠీయందును ఆనందీబాయి జీవితచరిత్రములను ప్రకటించిరి. ఒకటి యామె చేరిన దేశము చూచిన చరిత్రము. రెండవది యామె విడిచిన యిల్లు చూచిన చరిత్రము. ఆమె ప్రయాణమున కెన్ని విధముల సన్నద్ధురాలయ్యెనో తెలియగోరువారు రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలసియుండును.