బ్యాటరీకి తూము, అలుగు

హైదరాబాదు నుండి విజయవాడ పోవు రాజమార్గమున రమారమి నడిమి ఊరు సూర్యాపేట. ఆ బాటనే ముందుకు సాగినచో కోదాడ, దక్షిణమున మిర్యాలగూడ. 1935లో హైదరాబాదున దక్కన్ రేడియో ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము పలుకసాగినది. 1950లో హైదరాబాదు కేంద్రము కూడ ఆకాశవాణిలో చేరినది. రెండు కేంద్రముల నడుమనున్న ఈ సీమవారికి వినదగిన కార్యక్రమములకు కొరత లేకుండెను. కొరత యంతయు రేడియో పెట్టెను పలికించు విద్యుత్తుకే.

కరెంటు స్తంభము చేరని పల్లెలో వాల్వుల రేడియోకు ఆహారము రెండు విధములు. వాల్వులోని తీగ వేడెక్కుటకు ఒకటి రెండు వోల్టులు చాలును. ప్లేటుకు మాత్రము 90 వోల్టుల వరకు కావలెను. ఈ రెండవది పొడి బ్యాటరీ. తీరిపోయినచో క్రొత్తది కొనవలసినదే. కొన్ని సెట్లు 6 వోల్టుల మోటారు బ్యాటరీ ఒక్కదానితోనే నడిచెడివి. వానిలో వైబ్రేటరు అను కంపించు నాలుక ఆ విద్యుత్తును తునకలు చేయగా, ట్రాన్స్‌ఫార్మరు దానిని పెంచెడిది. ఆ మోటారు బ్యాటరీని బండిమీదనో సైకిలు వెనుకనో పట్టణమునకు చేర్చి, చార్జి చేయించి తేవలెను. నాటకము మంచి పట్టున నుండగా స్వరము సన్నగిల్లి ఆగిపోయిన బాధ ఆ తరమువారికే తెలియును.

ఈ సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే చేసినాడు. 1881లో కమిల్ ఫోర్ పలకలకు సీసపు ముద్ద పూయు పద్ధతిని కనిపెట్టిన పిమ్మట అది అంగడి సరుకైనది. దానికి చావు రెండు విధముల వచ్చును. మితిమీరి చార్జి చేసిన, లోని నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడిపోయి పలకల మీది ముద్ద రాలును. చార్జి లేకయే పడియుంచిన, పలకలమీద సల్ఫేటు గట్టిపడి మరల కరగదు. పాత బ్యాటరీల మృత్యువునకు ఈ రెండవదే పెద్ద కారణమని నా అభిప్రాయము. వాడక మూలపెట్టిన వస్తువు చెడునని ఎవ్వరును అనుమానింపరు.

లారీలు తిరుగు బాట మీది ఊళ్లకు ఒక సౌకర్యము కలదు. పాత లారీ డైనమో, దానితోడి కటౌటు మెకానిక్కుల వద్ద దొరకును. పిండిమర ఆయిలింజను బెల్టు తగిలించినచో డైనమో తిరుగును. కాని ఇంజను ఆగిన క్షణమున బ్యాటరీయే డైనమోను త్రిప్పబూనును. గడించినదంతయు వెనుకకు పోవును. దీనిని ఆపునది కటౌటు. ఇనుపముక్కకు సన్నతీగ చుట్టు ఒకటి, లావుతీగ చుట్టు ఒకటి. డైనమో వోల్టేజి చాలినంత కాగానే సన్నతీగ అయస్కాంతమై మీటను మూయును. విద్యుత్తు ఎదురు తిరిగినచో లావుతీగ ఆ ఆకర్షణను చంపి మీటను తెరచును. విద్యుత్తు చరిత్ర వ్రాయువారు ఆనకట్టలను వర్ణింతురే గాని ఈ రేకు డబ్బాను తలవరు. అది అన్యాయము.

మన చెరువును తలచుకొన్న సంగతి తేటపడును. వాగునీరు చెరువున చేరవలెను గాని చెరువునీరు వాగుకు మరలరాదు. నిండినపుడు అలుగు పారవలెను. పొలమునకు తూము విడిచినను చెరువు అడుగంటరాదు. బ్యాటరీ కావలివానికిని పనులు ఈ మూడే. వాగులు రెండు మూడైనపుడే చిక్కు.

అమెరికాలో 1930 దశకమున జెనిత్ రేడియో కంపెనీ పల్లెలకు గాలిమర చార్జరును రేడియోతో జోడించి అమ్మినది. మన తెలంగాణమున గాలి ఆషాఢమున వీచునంతగా తక్కిన నెలల వీవదు. ఆషాఢముననేమో సూర్యునికి మబ్బు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల సౌరఘటమును ప్రదర్శించిన తరువాత, కాలక్రమమున ఈ రెంటిని కలుపు ఆలోచన సాధ్యమైనది.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినారు. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ పొలములు పచ్చబడినవి; మరలు, మోటారులు హెచ్చినవి. స్తంభములు వచ్చినను బ్యాటరీ ఇల్లు విడువలేదు. కరెంటు కోతల కాలమున ఇన్వర్టరు పేర మరల నడవలో కూర్చున్నది.

నేడు ఇంటిమీద సౌరఫలకము, వీధిలో కరెంటు, పెరటిలో పాత డైనమో గలవాడు తానే బోర్డు కట్టుకొనవచ్చును. ప్రతి వాగుకు వేరు డయోడు పెట్టి, వానిని బ్యాటరీ యొద్దనే కలుపవలెను. ఒకటి తగ్గినను రెండవది దానిలోనికి పోదు. 1972లో అంగడికి వచ్చిన 555 చిప్పులో వోల్టేజిని పోల్చు అరలు రెండు గలవు: ఒకటి నిండుగీత చూచును, ఒకటి వెలితిగీత. 12 వోల్టుల బ్యాటరీకి 14.4 వద్ద చార్జి ఆపి, 13 దాపునకు దిగినపుడు మరల తెరచునట్లు అమర్చవచ్చును. ఒకే గీత పెట్టినచో రిలే క్షణక్షణము టకటక కొట్టుకొనును.

సౌరఫలకమును ఊరక విప్పి వదలినను హాని లేదు. గాలిమరను అట్లు విడువరాదు; బరువు తొలగిన రెక్కలు వెర్రిగా తిరిగి విరుగును. అందుచే దానికి నిజముగనే అలుగు కావలెను: బ్యాటరీ నిండగనే రిలే ఆ విద్యుత్తును లావైన నిక్రోము చుట్టకు మళ్లించును. చుట్టను నీటి తొట్టిలోని హీటరుగా అమర్చుకొన్నచో, గాలి గట్టిగా వీచిన దినమున ఆ మిగులుతో నీరు వేడెక్కును.