చెన్నపట్టణమున లెక్కకు వచ్చిన లేని గ్రహము

చెన్నపట్టణమున నుంగంబాకములోని వాతావరణ కార్యాలయపు ఆవరణలో ఒక రాతిస్తంభము గలదు. 1792లో ఈస్టిండియా కంపెనీవారు కట్టించిన వేధశాలలో యంత్రమును మోసిన కంబమది. దానిపై లాటిను, అరవము, తెలుగు, హిందూస్తానీ భాషలలో శాసనము చెక్కబడియున్నది. ఈ పట్టణమున తెలుగువారి ప్రాచీనతను గూర్చి మాటలాడునపుడు మనము వీధుల పేర్లను, సత్రములను చూపుదుము గాని, నక్షత్రముల కొలతకై నిలిపిన రాతిపై మన అక్షరములున్నవని చెప్పువారు అరుదు. విశాఖపట్టణపు గోడే వెంకట జగ్గారావుగారు ఈ వేధశాలాధిపతియైన టెయిలరు దొరకడ శాస్త్రము నేర్చి, 1840లో స్వగృహముననే వేధశాల నెలకొల్పిరి.

జంట తారల చరిత్రకు దక్షిణ దేశముతో సంబంధము అంతకంటె పాతది. 1689లో పుదుచ్చేరిలో రిషో అను ఫ్రెంచి మతగురువు తోకచుక్కను చూచుచు, కిన్నర రాశిలోని ప్రకాశమానమైన తార ఒకటి గాక రెండని కనుగొనెను. మన యానాం సోదరులు ఈ సంగతిని తప్పక గుర్తుంచుకొనవలెను.

ఇక అసలు కథ. సర్పధారి మండలమున 70వ సంఖ్యగల తార జంటయని విలియం హెర్షెల్ 1779లో తెలిసికొనెను. ఆ రెండును సుమారు 88 ఏండ్లకొకసారి ఒకదాని చుట్టునొకటి తిరిగివచ్చును. చెన్నపట్టణ వేధశాలకు అధిపతియైన కెప్టెన్ జేకబు ఈ జంట కక్ష్యను గణించి చూడగా, లెక్క చెప్పిన చోటికిని కంటికి కనబడిన చోటికిని పొత్తు కుదరలేదు. తేడా స్వల్పమే, కాని మాటిమాటికి కనబడుచుండెను. కంటికి కానరాని గ్రహమొకటి పక్కనుండి లాగుచున్నదని ఊహించి, 1855లో లండనులోని రాజకీయ ఖగోళ సంఘమువారి పత్రికలో ప్రకటించెను. సూర్యుడు గాక వేరొక తారకు గ్రహమున్నదని గణితాధారముతో చేసిన వాదములలో ఇది మొట్టమొదటిదిగా ఎంచబడుచున్నది.

చిరకాలము కచేరీలో పద్దులు వ్రాసిన నాకు జేకబుగారి చిక్కు బాగుగా తెలియును. జమాఖర్చు సరిపడనపుడు పుస్తకములో లేని మూడవవాడెవడో డబ్బు తీసెనని తోచును. మరల మరల కూడి చూచినచో ఎక్కడనో ఒక అంకె తారుమారైనదని తేలును. అట్లని ఆయనను తప్పుపట్టుట న్యాయము కాదు. నెప్ట్యూను గ్రహమును లెక్కలోని ఇట్టి తేడావలననే 1846లో పట్టుకొనిరి గదా!

1896లో అమెరికాలో సీ అను పండితుడు అదే జంటలో చీకటి గోళమున్నదని మరల వాదించెను. 1899లో మౌల్టను అట్టి గోళము ఆ కక్ష్యలో నిలువజాలదని గణితముచే చూపెను. సీ గారికి కోపము వచ్చినది. జేకబు మాత్రము ఈ ఖండనమును చూడలేదు. ఆరోగ్యము చెడి 1859లో కొలువు విడిచి, పూనా సమీపమున కొండపై వేధశాల స్థాపింప దూరదర్శినితో తిరిగివచ్చి, 1862 ఆగస్టులో పూనాలోనే కన్నుమూసెను.

జంట తారల నడుమ గ్రహము నిలుచునా యను ప్రశ్న మాత్రము చావలేదు. గామా సెఫై అను జంటలో గ్రహమున్నదని 1988లో అనుమానించి, 2003లో స్థిరపరచిరి. 2019లో దక్షిణాకాశమున డి.ఎస్. టుకానె అను జంటలో మరియొకటి తేలినది. ఆ తారల వయస్సు సుమారు నాలుగున్నర కోట్ల ఏండ్లు. సూర్యుని నూరేండ్ల వృద్ధుడనుకొన్నచో అవి ఏడాది నిండిన పసిబిడ్డలు. జంటలో పెద్దదాని ముందుగా గ్రహము ఎనిమిది దినములకొకసారి దాటునపుడు కాంతి రవంత తగ్గును. టెస్ అను ఆకాశనౌక ఆ తగ్గుదలను కనిపెట్టినది. తోడి తార లాగుచుండినను ఇంత లేబ్రాయమున గ్రహము ఏర్పడి నిలిచినదనుట సామాన్యము కాదు.

70 సర్పధారిలో మాత్రము నేటివరకు గ్రహము రుజువు కాలేదు. ఆషాఢ శ్రావణ మాసములలో మబ్బు విడిచిన రాత్రి జ్యేష్ఠకును శ్రవణమునకును నడుమ, కొంచెము ఉత్తరముగా, దీపకాంతులు లేనిచోట నిలిచి చూచినవారికి అది చిన్నచుక్కయై కనబడును.